బోటు నీళ్ళ మీద ఉండగా అడిగిన మాట

మేడం పోయారని కబురొచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు కోడిగుడ్లు వలిచి పెడుతున్నాను. ఫోను చేసింది ఆవిడ దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. "అక్కా, మేడం ఇక లేరు" అని చెప్పింది. విశాఖ ఆసుపత్రిలో తెల్లవారుతుండగా పోయారట. కొన్ని నెలలుగా జబ్బుతో ఉన్నారట. గొంతు నీరసంగా ఉందేమని నేనడిగినప్పుడల్లా "ఎండలమ్మా" అనేవారు. వానాకాలంలో ఎండలేమిటని నాకు తోచనే లేదు చూడండి.

ఇలాంటివి రాసేవాళ్ళు కళ్ళు చెమర్చాయనో, గుండె బరువెక్కిందనో మొదలుపెడతారు. నాకు అవేవీ కాలేదు. నాకు భయమేసింది. సగం వలిచిన గుడ్డు చేతిలో పట్టుకుని, రేపు నా కూతురికి మళ్ళీ అలాగైతే నేనెవరికి ఫోను చెయ్యాలి అనుకున్నాను. మనిషి పోయిందన్న దుఃఖం ఆ తర్వాత ఎప్పుడో నెమ్మదిగా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని నేర్పింది ఆవిడే కనుక చెబుతున్నాను.

దాని వెనకే మరో భయం. ఈ సంగతి పిల్లకు చెప్పేదెలా అని. దాని వెనక ఇంకొకటి. ఆ వేళకు మా బోట్లన్నీ నీళ్ళ మీద ఉన్నాయి.

బోట్లకూ దీనికీ ఏమిటి సంబంధమని మీరనుకుంటారు. మాది శ్రీకూర్మం దాటి తూర్పుకు పోతే, రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉన్న ఊరు. ఇంటింటా వేటే బతుకు. వేటంటే చేపల వేట. బోటు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇంట్లో చావు మాట ఎత్తకూడదని మాలో కట్టుబాటు. ఆకలికి చచ్చిపోతన్నాను అని పిల్లలెవరైనా నోరు జారితే మూతి మీద ఒకటి పడుతుంది. ఊళ్ళో ఎవరైనా పోయినా, కబురు తెచ్చినవాళ్ళు వీధిలోనే నిలబడి "ఆలింట్లో బాగునేదంట" అని చెప్పి వెళ్ళిపోతారు. మిగతాది మనం అర్థం చేసుకోవాలి. తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటారని ఎక్కడైనా అంటారు. మాకు పైన వాళ్ళు, కింద సముద్రంలో గంగమ్మ. రెండు వైపులా చెవులే.

పోనీ బోటు ఒడ్డుకొచ్చాక మాట్లాడుకోవచ్చు కదా అంటే, వచ్చిన బోటు మళ్ళీ తెల్లారకముందే వెళ్ళాలి. వెళ్ళబోయే ముందు ఎత్తితే అది ఇంకా అపశకునం. ఇక మిగిలింది వేట నిషేధం. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సర్కారు వేట ఆపేస్తుంది. బోట్లన్నీ ఇసక మీదకు ఎక్కుతాయి. చావు గురించి మాట్లాడుకోవాలన్నా, పాత ఏడుపులు ఏడవాలన్నా మా ఊరి ఆడవాళ్ళకు అప్పుడే వీలు.

మేడం మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడకు ఇదేమీ తెలియదు. ఆవిడ యూనివర్సిటీలో సైకాలజీ పరిశోధకురాలు. పిల్లలూ, పిల్లలు కాక పెద్దలూ కాక మధ్యలో ఉన్నవాళ్ళూ మనసులో ఏం మోస్తున్నారో తెలుసుకోవడం ఆవిడ పని. ఊరు చూపించడానికీ, మా మాట ఆవిడకు విప్పి చెప్పడానికీ నన్ను తోడు తీసుకున్నారు. "మాది ఇజీనగరమేనమ్మా, నాకు రాదేటి ఈ మాట" అని మొదటి పూటే తేల్చేశారు కానీ, నన్ను మాత్రం వదల్లేదు. కొత్త గడప తొక్కాలంటే ఆవిడకు బెరుకు. అంత చదివిన మనిషికి బెరుకేమిటని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆ మొదటి రోజే ఒక ఇంట్లో పదో తరగతి పిల్ల పక్కన కూర్చుని, అదీ ఇదీ మాట్లాడి, "ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా తల్లీ" అని అడిగేశారు. నిండు వేట రోజులు. ఆ పిల్ల తండ్రీ అన్నా నీళ్ళ మీద ఉన్నారు. లోపలున్న ముసలామె చీపురు పట్టుకుని బయటకొచ్చింది. "మా మగోలు గంగలో ఉంటే నా గుమ్మంలో ఆ మాటేటే" అంటూ వీధి చివరిదాకా తరిమింది. నేనూ, మేడమూ ఒకటే పరుగు. ఆవిడ చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. తర్వాత నేను వెళ్ళి, నాలుగు తిట్లు తిని తెచ్చాను.

ఇంకొకరైతే పల్లె జనం, మూఢనమ్మకం అని ఏదో ఒకటి అని బస్సెక్కేవారు. ఆవిడ నా ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "నేను చేసిన తప్పేటో సెప్పు" అన్నారు. నేను కట్టుబాటు సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు వింటూ కూర్చున్నారు. "అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదమ్మా. ఉంటే ఉంటాది, లేకపోతే లేదు. అడిగితే ఉన్నది బయటకొస్తాది, అంతే. కానీ మీ ఆడవాళ్ళ భయం కూడా నేను తొక్కేసి వెళ్ళలేను. మరి ఎప్పుడడగాలి?" అన్నారు. వేట నిషేధంలో రండి అన్నాను వేళాకోళానికి. ఆవిడ వేళాకోళమనుకోలేదు.

మరుసటి ఏడు బోట్లు ఇసకెక్కిన వారానికల్లా మేడం బస్సు దిగారు. అప్పట్నుంచి ఏటా అంతే. కొంగలొచ్చినట్టు వస్తారు మీ మేడం అని మా ఆయన అనేవాడు. పరిశోధనలకు లెక్కలూ గడువులూ ఉంటాయట. ఆవిడ పైవాళ్ళు, ఎండల్లో ఎవరైనా ఊళ్ళు తిరుగుతారా అనేవారట. మా ఊరి బోట్ల కోసం ఆవిడ తన పనంతా మార్చుకున్నారని మావాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం ఆవిడకు కూర్చోడానికి చాప వేసేవారు.

సంచీలో ఎప్పుడూ తొక్కతీయని శనక్కాయలుండేవి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహంలోకి చూస్తూ మాట్లాడగా నేను చూడలేదు. పక్కన కూర్చునేవారు, ఇద్దరి మధ్యా శనక్కాయలు పోసేవారు. వలుస్తూ వలుస్తూ మాటల్లో దించేవారు. మా పిల్లలు శనక్కాయల మేడం అనే పిలిచేవారు. మా ఊళ్ళో కొందరు డాక్టరమ్మ అనేవారు. అది మాత్రం ఒప్పుకునేవారు కాదు. "నేను మందు రాసే మనిషిని కాదమ్మా. మందు రాసేవారి దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలో చెప్పే మనిషిని" అనేవారు.

ఆవిడకు సముద్రమంటే వణుకు. ఇది నేను ఎవరినో నవ్వించడానికి రాయడం లేదు. అల పాదం దాకా వస్తుందంటే నా భుజం పట్టుకునేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. "నవ్వండి, నాకైతే భయమే" అనేవారు నవ్వుతూనే. అలా నవ్విన పిల్లే కాసేపటికి, నాకు చీకటంటే భయం మేడం అనేది. ఇంకో పిల్ల, నాకు మా నాన్న తాగొస్తే భయం అనేది. ఆవిడ ఆ భయాన్ని పోగొట్టడానికి తొందరపడేవారు కాదు. అవునా, ఎలగుంటాది ఆ భయం, ఎక్కడుంటాది, కడుపులోనా గొంతులోనా అని అడిగేవారు. నా వయసులో ఎవరైనా నన్నలా అడిగి ఉంటే నేనింత పిరికిదాన్ని అయ్యేదాన్ని కాదేమో.

వేట నిషేధం రోజుల్లోనే పదో తరగతి ఫలితాలు కూడా వచ్చేవి. ఫలితాల ముందురోజు సాయంత్రం ఆవిడ ఇంటింటికీ తిరిగేవారు. తల్లిదండ్రులతో ఒకటే మాట. "రేపు మార్కులెన్నని అడిగే ముందు, అన్నం తిన్నావా అని అడగండి. మార్కులు ఎక్కడికీ పోవు." మా వీధిలో ఒకాయన దానికి పెద్దగా నవ్వి, మా వోడు అడక్కుండానే తింటాడు మేడం అన్నాడు. మరునాడు వాడు తప్పాడు. ఆయన గుమ్మంలో నిలబడి, నోట్లోకి వచ్చిన తిట్టు మింగి, "తిన్నావేట్రా" అన్నాడు. వాడు తినలేదు. తండ్రి కంచం పెడితే తిన్నాడు. నేను చూశాను కనుక రాస్తున్నాను.

ఇవన్నీ ఊరి పిల్లల సంగతులు. నా ఇంటి సంగతికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతోంది.

నా కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా తిండి తగ్గించేసింది. కడుపునొప్పి అనేది. తర్వాత అదీ అనడం మానేసింది. స్నేహితుల దగ్గరికి వెళ్ళదు, ఫోను ముట్టుకోదు, గోడవైపు తిరిగి పడుకునేది. మా అత్త గాలి సోకిందంది. తావీదు కట్టించాం, దిష్టి తీయించాం, నిమ్మకాయలు తొక్కించాం. ఊరందరి పిల్లల ఇళ్ళకూ మేడంతో తిరిగినదాన్ని, వాళ్ళ గుర్తులన్నీ విన్నదాన్ని, నా పిల్ల దగ్గర ఆ గుర్తులే కనబడుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అడగాలి. అడిగితే అవునంటుందేమోనని భయం. దాని పక్కన కూర్చుని, జడ వేసి, నీళ్ళు తెచ్చిచ్చి, ఊరికే లేచి వచ్చేసేదాన్ని. కార్తీకమాసం, వేట మంచి ఊపు మీదున్న రోజులు. నీళ్ళ మీద బోటు లేని పూట లేదు.

మేడంకు ఫోను చేశాను. ఏమీ చెప్పలేదు, పిల్లకు బాగులేదన్నాను. మధ్యాహ్నానికల్లా వచ్చారు. అది వేట నిషేధం కాదు, ఆవిడ వచ్చే కాలమే కాదు. మా అత్త వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తూ ఆవిడను చూసి అడ్డంగా నిలబడింది.

"మేడమ్మా, మా పిల్లోడు నీల మీదున్నాడు. నువ్వడిగేటి మాట నాకు తెలుసు. బోటు రానీ, అప్పుడడుగుదువు."

మా మామగారిని గంగమ్మ తీసుకుంది. బోటు దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి మా ఆయన పొత్తిళ్ళలో ఉన్నాడు. అంచేత ఆ మాట మా అత్త ఊరికే అన్నది కాదు. మేడంకు ఆ సంగతి తెలుసు. ఆవిడ మా అత్త చేతులు పట్టుకున్నారు.

"అమ్మా, నీ మాట ఇన్నాళ్ళూ నేను జవదాటలేదు. ఈ రోజొక్కటీ నన్ను క్షమించు. ఆ పిల్ల బోటు వచ్చేదాకా ఆగగలదో లేదో నాకు తెలవదు."

లోపలికి వెళ్ళి, దాని పక్కన నేల మీద కూర్చున్నారు. తర్వాత ఆ మాట అడిగారు, ఎప్పుడూ అడిగే గొంతుతోనే. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వాకిట్లో మా అత్త చెవులు మూసుకుని గంగమ్మను పిలుస్తోంది. నా కూతురు గోడవైపే చూస్తూ అవునంది.

మేడం మొహం మారలేదు. "మంచిపని చేసినావు తల్లీ నాతో చెప్పి" అన్నారు. ఎప్పట్నుంచి, ఏ వేళప్పుడు ఎక్కువ, ఎవరితోనైనా అన్నావా అని నెమ్మదిగా అడుగుతూ పోయారు. అది చెప్పింది. బళ్ళో తనతో తిరిగే పిల్లలు తనని వెలివేసినట్టు చెయ్యడం, ఫోనులో రాసుకున్న మాటలు, చేప వాసన అని ముక్కు మూసుకోవడం. మాకు చిన్నవిగా కనబడే సంగతులు దాన్ని లోపల్నుంచి తినేశాయి. ఆ సాయంత్రమే శ్రీకాకుళంలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వెనక్కి వచ్చేదాకా ఆటోలో దాని చెయ్యి వదల్లేదు. పిల్లను ఒంటరిగా ఉంచకు, మందు మానిపించకు, తిట్టకు, బతిమాలకు, పక్కన ఉండు, అని నాకు చెప్పారు.

ఆ రోజు బోటు రాలేదు.

నేను ఇది కల్పించి రాయడం లేదు. మా ఆయన బోటు రావలసిన వేళకు రాలేదు. మరునాడు మధ్యాహ్నానికి కూడా రాలేదు. ఊరంతా ఒడ్డుకు చేరింది. "ఆ యమ్మ మాటనేసినాది, గంగమ్మ ఇనేసినాది" అని ఒకరు మొదలుపెడితే పదిమంది అందుకున్నారు. మా అత్త ఇసకలో కూలబడి ఒక్క మాటా లేకుండా ఉండిపోయింది. తిడితే బాగుండేది. నేను లోపల పిల్లను వదలి బయటకు రాలేను, బయట ఒడ్డును వదలి లోపల ఉండలేను. గుమ్మానికీ మంచానికీ మధ్య తిరిగాను. భయమంటే ఏమిటో మీలో ఎవరికైనా తెలియకపోతే, అది ఆ రోజు నా ఇంట్లో రెండు గదుల్లోనూ కూర్చుని ఉంది.

మేడం విశాఖ వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపలేదు, వెళ్ళిపోతే బాగుండునని అందరికీ ఉంది. ఆవిడ ఒడ్డున, మా అత్తకు కొంచెం ఎడంగా కూర్చున్నారు. అలలు వచ్చి చీర కుచ్చెళ్ళు తడిపేస్తున్నా లేవలేదు. సముద్రమంటే వణికే మనిషి. పొద్దువాలే వేళకు బోటు కనబడింది, ఇంకో బోటు దాన్ని లాక్కొస్తోంది. ఇంజను చెడి ఒరిస్సా వైపు కొట్టుకుపోయారట. మా ఆయన దిగి, ఇంతమంది ఏటీ ఇక్కడ అన్నాడు. ఆయనకు ఆకలేస్తోంది, అంతే.

అప్పుడు చూశాను మేడంను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇంటికి తీసుకొచ్చి టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు.

"నాకు తెలుసమ్మా, నా మాటకూ ఇంజనుకూ సంబంధం లేదని. ఎన్నేళ్ళుగానో ఇదే చదువుతున్నాను, ఇదే చెబుతున్నాను. అయినా పొద్దున్నుంచీ నాకు భయమేసింది. నేనే చేశానేమో అనిపించింది." ఒక గుక్క తాగి, "భయం అబద్ధం కాదు. అది చెప్పే మాటలే అన్నీ నిజం కావు" అన్నారు. నాకు చెప్పారో తనకు చెప్పుకున్నారో తెలియదు. నేను ఆ మాట పట్టుకుని రెండేళ్ళు బతికాను.

నా కూతురు కోలుకుంది. ఒక్క రోజులో కాదు, సినిమాల్లోలా కాదు. కొన్నాళ్ళు మందు, కొన్నాళ్ళు మాట, కొన్నాళ్ళు మళ్ళీ గోడవైపు తిరగడం, మళ్ళీ లేవడం. బడి వాళ్ళతో మేడం స్వయంగా మాట్లాడారు. ప్రతి ఆదివారం పిల్లకు ఫోను చేసేవారు. కబుర్లయ్యాక చివర్న ఆ మాట తప్పకుండా అడిగేవారు. వేట ఉన్నా, లేకపోయినా. మా అత్త ఆ వేళకు నెత్తళ్ళ బుట్ట పట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయేది. అది కోపమో, ఒప్పుకోలో నేను అడగలేదు. పిల్ల ఇప్పుడు ఇంటరు. రోజూ బస్సులో శ్రీకాకుళం వెళ్ళొస్తుంది. నవ్వుతుంది, చిరాకుపడుతుంది, నాతో పోట్లాడుతుంది. అది పోట్లాడిన రోజు నేను హాయిగా నిద్రపోతాను.

కబురు తెలిసిన రోజు ఇంటికి వచ్చి మా అత్తకు వీధిలోనే చెప్పాను, "మేడంకు బాగునేదంట" అని. ఆవిడకు అర్థమైంది. "మంచి మనిషి" అంది. ఆ వెంటనే, "ఓలమ్మి, పిల్లకి సెప్పకు. బోటు రానీ. దాని మనసు కూడా ఎలగుంటాదో" అంది. నేను సరేనన్నాను. కట్టుబాటుకని కాదు. నా భయానికి అది కప్పుకునే దుప్పటిలా దొరికింది. సాయంత్రం పిల్ల కాలేజీ నుంచి వచ్చింది, అన్నం తింది, పుస్తకం పట్టుకుంది. నేను దాని మొహం చూస్తూనే ఉన్నాను. ఏటమ్మా అలా సూస్తన్నావు అంది. ఏమీ లేదన్నాను.

మరునాడు సూపర్‌వైజరు మీటింగు అని చెప్పి విజయనగరం వెళ్ళాను. మేడం వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. చర్చిలో పాటలు పాడుతున్నారు, వెనక బెంచీలో కూర్చున్నాను. నాలాంటి వాళ్ళే చాలామంది ఉన్నారు, పక్కన ఒక్కో పిల్లనో పిల్లాడినో పెట్టుకుని. ఒకరినొకరం చూసుకున్నాం, పలకరించుకోలేదు. అందరి కళ్ళలోనూ నాకు నా మొహమే కనబడింది. ఇక ఎవరికి ఫోను చెయ్యాలి అన్న మొహం.

సమాధి దగ్గర మట్టి వేసి వస్తుంటే ఆవిడ తమ్ముడు నన్ను ఆపారు. నేనెవరో ఆయనకు తెలుసు. అక్క మీ అమ్మాయి గురించి చెబుతుండేది అన్నారు. ఆవిడ ధైర్యంగా వెళ్ళిపోయారా అని అడిగాను, ఏదో అడగాలి కనుక. ఆయన తల అడ్డంగా ఊపారు. "లేదమ్మా. భయపడింది. నాకు భయమేస్తోందిరా, చెయ్యి పట్టుకో అనేది. దాచుకోలేదు" అన్నారు. తిరుగు బస్సులో ఏడుపు వచ్చింది. అప్పుడొచ్చింది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. గాలి పెరిగింది. మధ్యాహ్నానికి రావలసిన బోట్లు కొన్ని వచ్చాయి, మా ఆయనది రాలేదు. కాలేజీలో ఉండవలసిన నా కూతురు వాకిట్లో మా అత్త పక్కన కూర్చుని ఎండు నెత్తళ్ళు తిరగేస్తోంది. నన్ను చూసి తల దించుకుంది. మేడం శిష్యులెవరో ఫోనులో పెట్టిన ఫోటో, దాని మీద వేసిన దండ దానికి కనబడి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది.

నా చెప్పులైనా విప్పలేదు. వెళ్ళి దాని రెండో పక్కన కూర్చున్నాను.

"నీకు తెలిసిపోనాదా?"

"నిన్ననే తెలిసినాది."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు సెప్తావని సూసినాను."

ఏడవడం లేదు. గొంతు మామూలుగా ఉంది. ఆ మామూలుతనమే నన్ను చంపుతోంది. తొమ్మిదో తరగతిలో కూడా దాని గొంతు ఇలాగే మామూలుగా ఉండేది. సముద్రం వైపు చూశాను, ఒక్క బోటూ లేదు. మా అత్త నా వైపు చూసింది. నేనేం చెయ్యబోతున్నానో ఆవిడకు తెలుసు, వద్దన్నట్టు తల కూడా ఊపింది. ఇన్నేళ్ళుగా ఆ మాట మేడం నోట విన్నాను, వందమంది పిల్లల దగ్గర విన్నాను, నా నోటితో ఒక్కసారీ అనలేదు. అంటే నా మొగుడికి ఏమవుతుందో. అనకపోతే నా పిల్లకు ఏమవుతుందో.

"అమ్మీ" అన్నాను. "నీకు సచ్చిపోవాలనిపిస్తన్నాదా?"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మా అత్త చేతిలో నెత్తళ్ళు అలాగే ఆగిపోయాయి. నా కూతురు నా మొహంలోకి చూసింది. 

"నేదమ్మా" అంది. "ఏడుపొస్తన్నాది. శానా ఏడుపొస్తన్నాది. కానీ అది కాదు. నాకు తేడా తెలుసు."

"నిజమేనా?"

"నిజం. మళ్ళీ అలగనిపిస్తే నీకే సెప్తాను. నువ్వు అడుగుతుండు మరి. మేడం ఆదివారమే అడిగేవోరు. నువ్వెప్పుడైనా అడుగు."

అప్పుడు ఏడ్చింది, నా భుజం మీద పడి. నేను దాని వీపు నిమురుతూ మా అత్త తిట్టు కోసం ఎదురుచూశాను. బోటు కనబడకుండా ఆ మాటన్నందుకు ఆవిడ ఏమన్నా నేను పడాలి. తిట్టు రాలేదు. ఆవిడ సముద్రం వైపే చూస్తోంది.

"మీ మావ బోటొచ్చి, మీ మావ రానేదు కదా" అంది ఎవరితోనో అన్నట్టు. "నాకప్పుడు నీ కూతురి కంటే రెండేళ్ళు పెద్ద గావాల. సంకలో గుంటడు. ఊరు ఊరంతా వచ్చినారు. బియ్యం తెచ్చినారు, కూర తెచ్చినారు. నన్నెవులూ ఆ మాట అడగనేదు."

నా కూతురు నా భుజం మీంచి లేచి, మొహం తుడుచుకుని, ఆవిడ వైపు జరిగింది.

"నానడుగుతన్నాను మామ్మా. నీకప్పుడు అనిపించినాదా?"

ఆవిడ సమాధానం చెప్పడానికి ముందు చెయ్యి చాచి నెత్తళ్ళు మళ్ళీ తిరగెయ్యడం మొదలుపెట్టింది, ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఎండ తగలని పక్క పైకి వచ్చేలా.

"అనిపించినాది" అంది. "రోజూ అనిపించినాది."

పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుంది. బోటు ఇంకా కనబడలేదు. మేం ముగ్గురం అక్కడే కూర్చున్నాం, ఆవిడ చెబుతూ పోయింది.